గీత బయట నిలబడి చెప్పుకునే గొప్పలు

(అమెరికాలో మిజోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ శివారులో, ఒక లైబ్రరీ హాల్లో జరిగిన తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందాండీ? సరే. ఒంటిగంటకల్లా భోజనాలట. పులిహోర వాసన ఇప్పటికే ఇటు కొడుతోంది, కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెడతాను.

మాది తెనాలి. ఊళ్ళోంచి మూడు కాలువలు పోతాయి, నాటకాలంటే జనానికి పిచ్చి, అందుకని దానికి ఆంధ్రా ప్యారిస్ అని పేరు. మా నాన్నగారు ఈ మాట బంధువులందరి ముందూ అనేవారు. గుంటూరు వాళ్ళు వింటుంటే ఇంకాస్త గట్టిగా అనేవారు. ప్యారిస్ వాళ్ళకి మాత్రం ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పినట్టు లేదు. (నవ్వులు) అలాంటి ఊళ్ళో పెరిగినవాణ్ణి కాబట్టి, సెయింట్ లూయిస్ వచ్చిన వారం రోజుల్లోనే ఈ ఊరి జబ్బేమిటో నాకు తెలిసిపోయింది. మనకి ఉన్నదే.

నేను దిగింది 2003 చివర్లో. అప్పుడే అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఇక్కణ్ణించి నడిపే విమానాల్ని సుమారు సగానికి కోసేసింది. అంతకుముందు ఈ ఎయిర్‌పోర్టు టీడబ్ల్యూఏ అనే విమాన కంపెనీకి పెద్ద స్థావరం. 2001లో ఆ కంపెనీని అమెరికన్ కొనేసుకుంది, రెండేళ్ళు తిరిగేసరికి ఇదీ పరిస్థితి. నేను బయటికి నడిచొస్తుంటే గేట్ల దగ్గర కుర్చీలన్నీ ఖాళీ. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మా టీమ్ లీడ్, ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దాయన, కారెక్కగానే అన్న మొదటి మాట, "కొత్త రన్‌వే కడుతున్నాం, చూశావా?" అని. అది 2006లో పూర్తయింది. ఖర్చు వంద కోట్ల డాలర్ల పైమాటే. దానికోసం బ్రిడ్జ్‌టన్ అనే పక్క ఊళ్ళో సుమారు 2,000 ఇళ్ళు కూలగొట్టారు. తీరా తయారయ్యేసరికి దాని మీద దిగడానికి విమానాలు లేవు. ప్లాన్ వేసిన రోజుల్లో రద్దీ నిజంగానే ఉంది, కాదనను. కానీ ఆ పెద్దాయన గొంతులో ఉన్నది రద్దీ లెక్క కాదు. "కడుతున్నాం" అన్న మాట మీద ఆయన వేసిన ఒత్తు నాకింకా గుర్తుంది.

ఆ వారమే ఆయన నన్ను భోజనానికి తీసుకెళ్ళి ఊరి గురించి మొత్తం అప్పజెప్పాడు. ఐస్‌క్రీమ్ కోన్ ఇక్కడే పుట్టింది. ఐస్ టీ ఇక్కడే. ఫారెస్ట్ పార్క్ న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కంటే పెద్దది. నది ఒడ్డున నిలబెట్టిన పెద్ద కమాను, ఆర్చ్, 630 అడుగులు, ఎత్తూ అంతే, వెడల్పూ అంతే. కార్డినల్స్ అభిమానులంత మంచి బేస్‌బాల్ అభిమానులు దేశంలోనే లేరు. ఈ చివరిది వాళ్ళకి వాళ్ళే ఇచ్చుకున్న బిరుదు. తర్వాత ప్లేటు నా ముందుకి తోసి, "ఇది సెయింట్ లూయిస్ పిజ్జా, ఇంకెక్కడా దొరకదు" అన్నాడు. అప్పడంలాంటి పల్చని రొట్టె, చదరాల్లాగా కోసిన ముక్కలు, దాని మీద ప్రొవెల్ అనే చీజ్‌లాంటి ఒక పదార్థం. మీలో చాలామందికి ఆ అనుభవం అయ్యే ఉంటుంది. పళ్ళకి అంటుకుంటే సాయంత్రం దాకా వదలదు. ఇంకెక్కడా ఎందుకు దొరకదో నాకు మొదటి ముక్కకే అర్థమైంది. (నవ్వులు) మా పిల్లలకి మాత్రం అదంటే ప్రాణం. ఇక్కడ పుట్టారు మరి.

ఆయన చెప్పినవాటిలో ఫారెస్ట్ పార్క్ సంగతి నిజం. అది సుమారు 1,300 ఎకరాలు, సెంట్రల్ పార్క్ 843. ఐస్‌క్రీమ్ కోన్ సంగతి అంత గట్టిది కాదు. ఇక్కడ 1904లో ప్రపంచ ప్రదర్శన జరిగింది కదా, అది మొదలవకముందే, 1903 డిసెంబరులోనే, న్యూయార్క్‌లో ఇటాలో మార్కియోనీ అనే ఆయనకి అలాంటి కప్పులు చేసే అచ్చు మీద పేటెంట్ వచ్చింది. ఐస్ టీ అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే అమెరికా వంట పుస్తకాల్లో ఉంది. అయితే ఈ ఐస్ టీ కథలో మనకి కాస్త వాటా ఉంది. ఎండల్లో వేడి టీ ఎవరూ తాగడం లేదని ఐసు వేసి అమ్మాడని వీళ్ళు చెప్పుకునే రిచర్డ్ బ్లెచిండెన్ భారతదేశపు టీకి ప్రచారం చెయ్యడానికి వచ్చిన మనిషి. కాబట్టి గొప్ప వాళ్ళదైనా ఆకు మనది.

ఈ గొప్పలు చెప్పుకునే అలవాటు ఎప్పుడు మొదలైందో చూద్దాం. 1860ల చివర్లో ఇక్కడ లోగన్ రీవిస్ అనే పత్రికాయన ఉండేవాడు. దేశ రాజధానిని వాషింగ్టన్ నుంచి ఎత్తుకొచ్చి సెయింట్ లూయిస్‌లో పెట్టాలని ఆయన వాదన. వెర్రివాడు కదా అని నవ్వి ఊరుకోలేదు ఊరు. 1869లో దానికోసం ఇక్కడ ఏకంగా ఒక మహాసభ జరిగింది, చాలా రాష్ట్రాల నుంచి ప్రతినిధులు వచ్చారు. మర్నాటి ఏడాది ఈయన ఒక పుస్తకం వేశాడు. పేరు, "సెయింట్ లూయిస్: ప్రపంచపు కాబోయే మహానగరం". అమెరికాకి కూడా కాదు, ప్రపంచానికి.

అదే ఏడాది జనాభా లెక్కలు వచ్చాయి. సెయింట్ లూయిస్ 3,10,864. షికాగో 2,98,977. ఊళ్ళో పండగ. కాకపోతే షికాగో అంకె బయటికి వచ్చేదాకా ఆగి, దానికంటే కాస్త పైన ఉండేలా ఇక్కడివాళ్ళు తమ అంకె వేసుకున్నారని అప్పట్నుంచీ ఒక మాట ఉంది. ఆ లెక్క ఉబ్బించినదేనని చరిత్రకారులు చాలామంది అంటారు. పదేళ్ళ తర్వాత, 1880లో, ఇక్కడ 3,50,518. షికాగోలో 5,03,185. పదేళ్ళలో 40 వేలే పెరిగామా అని ఊరు ఊరంతా గగ్గోలు. వాళ్ళు పెరగక కాదు, 1870లో రాసుకున్నంత మంది లేకపోబట్టి.

షికాగో ఎందుకు దాటిపోయిందో స్కూలు పిల్లాడైనా చెబుతాడు. రైళ్ళు. మిసిసిపీ మీద మొదటి రైలు వంతెన 1856లో పడింది, కానీ ఇక్కడ కాదు, పైన రాక్ ఐలండ్ దగ్గర. దాని మీదుగా పడమటి సరుకంతా షికాగోకి పోయింది. ఇక్కడి స్టీమ్‌బోటు వ్యాపారులు ఆ వంతెన తియ్యించెయ్యాలని కోర్టులకెక్కారు. తర్వాత అంతర్యుద్ధం వచ్చి నదిలో కింది వైపు రాకపోకలు ఆగిపోయాయి. సెయింట్ లూయిస్ తన సొంత వంతెన, మన ఈడ్స్ బ్రిడ్జి, 1874కి కట్టుకుంది. కట్టింది మాత్రం అద్భుతం. ఉక్కుతో అంత పెద్ద వంతెన అప్పటికి ఎవరూ కట్టలేదు. గట్టిదని జనానికి నమ్మకం కలగడానికి దాని మీద ఏనుగుని నడిపించారు. కానీ అప్పటికి 18 ఏళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్నదానికి వస్తాను. 1876.

అప్పుడు సెయింట్ లూయిస్ సిటీ, సెయింట్ లూయిస్ కౌంటీ ఒకటే. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. సిటీలో మూడు లక్షల పైన జనం, మిగతా కౌంటీ అంతా కలిపి 30 వేల దగ్గర. పొలాలు, అడవి, చిన్న చిన్న పల్లెలు. పన్నుల్లో సింహభాగం సిటీ కట్టేది, పెత్తనంలో కౌంటీ కోర్టు, అంటే కౌంటీని పాలించే మండలి, అడ్డుపడేది. ఆ కోర్టు దుబారా కూడా తక్కువేం కాదు. మన ఉమ్మడి కుటుంబాల్లో సంపాదించే పెద్దకొడుకు ఉంటాడే, "వీళ్ళందరి ఖర్చూ నేనెందుకు మొయ్యాలి" అంటాడు చూడండి, అలా సిటీ వేరుపడాలనుకుంది. ఇక్కడివాళ్ళు దాన్ని మహా విడాకులు అంటారు. నాకైతే విడాకుల కంటే మన వాటాల పంపకంలాగే కనిపిస్తుంది.

ఆగస్టు 22న ఓటింగ్ జరిగింది. మొదట లెక్కపెడితే ఓడిపోయిందన్నారు. కోర్టుకెళ్ళి మళ్ళీ లెక్కపెడితే గెలిచిందన్నారు. గమనించారా, ఈ ఊరికి లెక్కలతో ఎప్పుడూ పేచీయే. మొత్తానికి గీత గీశారు. పెద్దకొడుకు పిసినారితనం చెయ్యలేదు, ధారాళంగానే గీసుకున్నాడు. పాత సిటీ 18 చదరపు మైళ్ళు, కొత్త గీత లోపల 61. అప్పటికి ఊరి బయట ఉన్న ఫారెస్ట్ పార్కుని కూడా లోపలికి కలిపేసుకున్నాడు. ఆ పార్కు తెరిచింది కూడా ఆ ఏడాదే, రెండు నెలల ముందు. ఇంత స్థలం నిండేదెప్పుడు, మనకి ఇక కౌంటీతో పనేంటి అనుకున్నారు. ప్రపంచపు కాబోయే మహానగరం అని ఆరేళ్ళుగా చదువుకుంటున్నవాళ్ళకి అలా అనిపించడంలో వింతేముంది.

ఆ గీత ఇప్పటికీ అక్కడే ఉంది. ఒక్క గజం జరగలేదు. షికాగో 1889లో చుట్టుపక్కల ఊళ్ళని ఒక్క దెబ్బతో 125 చదరపు మైళ్ళ మేర కలుపుకుంది, మర్నాటి ఏడాది లెక్కల్లో పది లక్షలు దాటింది. సెయింట్ లూయిస్ తన పెన్నుతో తనే గీసుకున్న గీతలో ఉండిపోయింది. ఈలోపు తమ్ముడి మెట్టపొలం మీదుగా హైవే పడింది. ఆ తర్వాత ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు, శంషాబాద్ చుట్టుపక్కల భూములున్న వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. (నవ్వులు) 1950లో సిటీ జనాభా 8,56,796. 2020లో 3,01,578. అంటే 1870లో దొంగలెక్క వేసుకున్నప్పటి అంకెకి కూడా తగ్గింది. కౌంటీలో ఇప్పుడు పది లక్షల మంది. మళ్ళీ కలుద్దామని 1926, 1930, 1959, 1962ల్లో ఓట్లు పెట్టారు, ప్రతిసారీ ఓడింది. 2019లో ఇంకో ప్రయత్నం ఓటు దాకా కూడా రాలేదు, దాని ప్రకారం కొత్త ఊరికి మేయరుగా ఉండాల్సిన కౌంటీ అధికారి మీద కేసు పడి ఆయన పదవి వదిలేశాడు, దాంతో అదీ చుట్టచుట్టేశారు.

నేను ముందుకి దూకేశాను, 1904 మిగిలిపోయింది. దాన్ని వదిలేస్తే ఈ ఊరివాళ్ళు నన్ను బతకనివ్వరు.

1900 లెక్కల్లో సెయింట్ లూయిస్ దేశంలో నాలుగో పెద్ద నగరం. న్యూయార్క్, షికాగో, ఫిలడెల్ఫియా, ఆ తర్వాత మనమే, 5,75,238 మంది. ఈ "నాలుగో నగరం" అన్న మాట ఇప్పటికీ ఇక్కడ అక్కడక్కడా దుకాణాల పేర్లలో కనిపిస్తుంది. నూట పాతికేళ్ళ క్రితం సంగతి! మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు.

ఆ ఊపులో 1904 ఏప్రిల్ 30న ప్రదర్శన తెరిచారు. లూయిసియానా ప్రాంతాన్ని అమెరికా ఫ్రాన్సు దగ్గర కొని వందేళ్ళయిన సందర్భం, కాకపోతే వందేళ్ళు నిండింది 1903లో, పని పూర్తికాక ఏడాది వాయిదా. సుమారు 1,270 ఎకరాలు, 1,500 దాకా కట్టడాలు, ఏడు నెలల్లో దాదాపు రెండు కోట్ల టిక్కెట్లు. పాత ఫొటోలు చూడండి, రోమన్ చక్రవర్తులు కట్టించారేమో అనిపించే మహళ్ళు. అవన్నీ ప్లాస్టరులో నార కలిపి చేసినవి. మన దసరా పందిళ్ళకి ముందు వైపు పెట్టే రాజగోపురాల్లాంటివి. ప్రదర్శన అయ్యాక కూలగొట్టేశారు. నిలిచేలా కట్టిన ఒక్క మహలు ఇప్పటి ఆర్ట్ మ్యూజియం. జూలో ఇనప వలతో పెద్ద పక్షుల పంజరం ఉంది చూశారా, అదీ అప్పటిదే.

ఆ ఏడాది ఒలింపిక్స్ కూడా ఇక్కడే. అసలు షికాగోకి ఇచ్చారు. మా ప్రదర్శనలో మేమే వేరే పోటీలు పెట్టుకుంటామని సెయింట్ లూయిస్ పట్టుబట్టి లాక్కుంది. అప్పుడు షికాగో మీద ఎంత మంట ఉందో ఆలోచించండి. తీరా పెట్టాక బయటి దేశాల వాళ్ళు పెద్దగా రాలేదు, ఆ ఆటలకి ప్రాణం పోసిన కూబర్తాఁ కూడా రాలేదు. ఆడినవాళ్ళలో ఎక్కువమంది అమెరికావాళ్ళే, కాబట్టి పతకాలూ వాళ్ళకే. మారథాన్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆగస్టు 30, మండుటెండ, మట్టి రోడ్లు, ముందు పోయే కార్లు లేపే దుమ్ము. 32 మంది బయల్దేరితే 14 మందే చివరిదాకా వచ్చారు. మొదట వచ్చిన ఫ్రెడ్ లోర్జ్‌కి చప్పట్లు కొట్టేశారు, తర్వాత తెలిసిందేమంటే ఆయన మధ్యలో 11 మైళ్ళు కారెక్కి వచ్చాడు. నిజంగా గెలిచిన థామస్ హిక్స్‌కి దారిలో ఆయన మనుషులు స్ట్రిక్నిన్ తాగిస్తూ వచ్చారు. ఎలుకల మందులో వాడే విషమండీ అది! క్యూబా నుంచి వచ్చిన ఒకాయన పొడుగు ప్యాంటుని మోకాళ్ళ దాకా కత్తిరించుకుని పరిగెత్తి నాలుగోవాడుగా వచ్చాడు. నాకు నచ్చిన ఛాంపియన్ ఆయనే.

అదే మైదానాల్లో వెయ్యిమందికి పైగా ఫిలిప్పీన్స్ మనుషుల్ని తీసుకొచ్చి, గుడిసెలు వేయించి, "వీళ్ళెలా బతుకుతారో చూడండి" అని జనానికి చూపించారు. కాంగో నుంచి తెచ్చిన ఓటా బెంగా అనే యువకుణ్ణీ అలాగే నిలబెట్టారు. ఈ ముక్క ఊరివాళ్ళు చెప్పే కథలో చాలాకాలం ఉండేది కాదు. ఈ మధ్య మ్యూజియంలో పెడుతున్నారు, సంతోషం. గొప్ప చెప్పుకునేటప్పుడు ఏది వదిలేస్తామో అదీ చూడాలి కదా. ఈ ఊరికి పాతపేరు మట్టిదిబ్బల నగరం. సుమారు వెయ్యేళ్ళ నాటి నాగరికత తాలూకు ఆదివాసుల దిబ్బలు ఉండేవి కాబట్టి ఆ పేరు. వాటిలో పెద్దదాన్ని 1869లో తవ్విపారేశారు. పేరు మాత్రం ఉంచుకున్నారు.

ఆర్చ్ సంగతి క్లుప్తంగా. 1935లో నది ఒడ్డున స్మారకం కోసం అప్పు తెచ్చుకోవడానికి ఓటు పెట్టారు, ఆ ఓట్లలోనూ దొంగ ఓట్లున్నాయని అప్పట్లో పత్రికలు బయటపెట్టాయి. లెక్కల్లో పేచీ ఇది మూడోసారి! ఊరు పుట్టిన ఆ ఒడ్డున సుమారు 40 బ్లాకుల పాత ఇళ్ళూ గిడ్డంగులూ కూలగొట్టారు. తర్వాత ఇరవయ్యేళ్ళు అక్కడ కార్లు పార్క్ చేసుకున్నారు. ఆర్చ్ 1965లో పూర్తయింది. అందంగా ఉంటుందా? ఉంటుంది. మేఘాలు కిందికి దిగిన రోజు పొద్దున్నే చూడండి, నా మాట కాదనలేరు. ఈరో సారినెన్ గీసిన ఆ వంపు ముందు నా వెటకారం పనిచెయ్యదు.

కానీ ఆ ఆర్చ్ కట్టకముందు ఊరు ఏమనుకుంటోందంటే, 1947లో వేసిన సిటీ ప్లానులో 1970కల్లా జనాభా తొమ్మిది లక్షలు అవుతుందని రాసుకున్నారు. అయింది 6,22,236. ఆ అంచనాలు నమ్మినవాళ్ళే ప్రూయిట్-ఐగో అని 33 పెద్ద భవనాలు పేదల కోసం లేపారు. 1954లో జనాన్ని దింపడం మొదలుపెట్టి, 1972లో కూల్చడం మొదలుపెట్టారు. బాగుచేయించడానికి డబ్బుల్లేవు, ఉండగలిగినవాళ్ళు గీత దాటిపోయారు. అందరినీ దాటనివ్వలేదు లెండి. నల్లవాళ్ళకి ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. అలాంటి రాతల్ని కోర్టులు అమలుచెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు కూడా ఈ ఊళ్ళో లాబడీ అవెన్యూలో ఉన్న ఒక ఇంటి గురించే.

మీలో బీరు తాగేవాళ్ళు ఎవరో నేను అడగను. 2008లో బడ్‌వైజర్ బీరు చేసే ఈ ఊరి కంపెనీని బెల్జియం వాళ్ళు 5,200 కోట్ల డాలర్లకి కొన్నప్పుడు మా ఆఫీసులో కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. షేర్లున్నవాళ్ళు కూడా! 2016లో ఫుట్‌బాల్ జట్టు రామ్స్ లాస్ ఏంజిలిస్‌కి వెళ్ళిపోయింది. వాళ్ళ కోసం ప్రజల డబ్బుతో కట్టిన స్టేడియం ఇక్కడే మిగిలింది. జట్టు ఓనరు ఎవరనుకున్నారు? మిజోరీలోనే పుట్టిన ఈనస్ స్టాన్లీ క్రోంకి. ఆయన పేరులోని రెండు ముక్కలూ వాళ్ళింట్లో ఇద్దరు కార్డినల్స్ ఆటగాళ్ళ మీద అభిమానంతో పెట్టుకున్నవి. ఊరి గొప్పని పేరులో పెట్టుకున్నవాడే మూట సర్దుకుని పోయాడు. కేసు వేస్తే 2021లో 79 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. ఆ డబ్బు సిటీకి ఎంత, కౌంటీకి ఎంత అని మళ్ళీ అన్నదమ్ముల పంపకాలు.

ఇక్కడ ఎవరైనా ఇద్దరు కలిస్తే మొదట అడిగేది, "మీది ఏ హైస్కూలు?" అని. కాలేజీ కాదు, హైస్కూలు. దానికి జవాబు చెబితే చాలు, మీరే పేటలో పెరిగారు, మీ నాన్న సంపాదన ఎంత, ఏ చర్చి, ఏ రంగు, అన్నీ వాళ్ళకి తెలిసిపోతాయి. మొదట్లో నాకు వింతగా ఉండేది. తర్వాత అనిపించింది, "ఏ ఊరు బాబూ మీది? ఎవరి తాలూకు? ఇంటిపేరేమిటి?" అని మన పెద్దవాళ్ళు అడిగేది ఇంకెందుకని! నన్నెవరైనా హైస్కూలు అడిగితే తెనాలిలో మా స్కూలు పేరు చెప్పేస్తాను. పాపం, ఏ గడిలో వెయ్యాలో తెలీక తెల్లమొహం వేస్తారు.

ఇక మన సంగతి. ఈ హాల్లో 60, 70 మంది ఉన్నారు. గీత లోపల ఉండేవాళ్ళు చెయ్యెత్తండి. (ఆగి) ఇద్దరు. అందులో ఒకరు యూనివర్సిటీ విద్యార్థి. మిగతా అందరం చెస్టర్‌ఫీల్డ్, బాల్విన్, మాంచెస్టర్, లేకపోతే నది దాటి ఓఫాలన్. గుడి బాల్విన్‌లో. దోసెల బండి, ఇండియన్ సరుకుల కొట్టు, భరతనాట్యం క్లాసు, అన్నీ ఇటే. కానీ ఇండియాలో ఎవరైనా అడిగితే ఏమంటాం? "సెయింట్ లూయిస్" అంటాం. చుట్టాలొస్తే ఆర్చ్ ఎక్కిస్తాం, వాట్సాప్‌లో ఫొటో పెడతాం. వార్తల్లో "అమెరికాలో హత్యలు ఎక్కువ జరిగే ఊరు" అని వస్తుంది. వెంటనే అమ్మ ఫోను, టెన్షన్. అప్పుడు మాత్రం, "అది సిటీ అమ్మా, మేముండేది కౌంటీ" అంటాం. నేనూ అన్నాను. చాలాసార్లు అన్నాను.

ఆ లిస్టు కూడా గీత చేసిన పనే. సిటీలో 2020లో 263 హత్యలు, 2024 నాటికి 150కి తగ్గాయి. ఎక్కువే, కాదనడం లేదు. కానీ వాటిని మూడు లక్షలతో భాగిస్తారు. ఇదే రాష్ట్రంలోని కాన్సస్ సిటీ 300 చదరపు మైళ్ళకి పైన పరుచుకుని చాలా శివార్లని తనలో కలుపుకుంది, దాని భాగహారం వేరు. 1876లో గొప్పకోసం గీసిన గీతే ఇప్పుడు ఆ ఊరిని లిస్టులో పైకి ఎక్కిస్తోంది. మొత్తం ప్రాంతం కలిపితే 28 లక్షల మంది. అందులో పది మందిలో ఒకరు ఊరి పేరు మోస్తూ ఉంటే, తొమ్మిదిమంది దాన్ని అవసరమైనప్పుడు వాడుకుంటున్నారు.

గీత రెండు వైపులా కలిసి బిల్లు కట్టే చోటు ఒకటుంది, దాని గురించి గొప్పలు చెప్పుకుంటే నేను మాత్రం అడ్డం రాను. 1971లో సిటీ, కౌంటీ ఓటర్లు ఇద్దరూ జూ కోసం, మ్యూజియంల కోసం ఇంటిపన్ను మీద కొంత కట్టడానికి ఒప్పుకున్నారు. అందుకే మన జూకి టిక్కెట్టు లేదు, ఆర్ట్ మ్యూజియంకి లేదు. ఓఫాలన్ వాళ్ళు నవ్వకండి, మీది సెయింట్ చార్ల్స్ కౌంటీ, మీరు ఆ పన్ను కట్టడం లేదు, ఏనుగుల్ని ఫ్రీగా చూస్తున్నారు. (నవ్వులు)

ఓఫాలన్ అంటే గుర్తొచ్చింది. 2025 మే 16, శుక్రవారం మధ్యాహ్నం టోర్నడో వచ్చింది కదా. ఫారెస్ట్ పార్కుకి పడమటి వైపు క్లేటన్ దగ్గర మొదలై, పార్కు మీదుగా ఉత్తరపు పేటల్ని ఊడ్చుకుంటూ పోయింది. ఆ రాత్రి మా పిన్ని తెనాలి నుంచి ఫోను, "ఓఫాలన్‌లో ఇళ్ళు కూలాయటగా, మీ స్నేహితులుండేది అక్కడేగా" అని. పిన్నీ, ఓఫాలన్‌లు మూడున్నాయి, మనవాళ్ళది వేరే, కూలింది సిటీలో ఉన్న ఓఫాలన్ పార్కు చుట్టుపక్కల అని చెప్పాను. "అమ్మయ్య" అంది. నేను కూడా అనుకున్నానేమో, గుర్తులేదు.

రెండు వారాల తర్వాత మనలో కొందరం ఒక వ్యాన్‌లో నీళ్ళూ, నీలం టార్పాలిన్ పట్టాలూ వేసుకుని వెళ్ళాం. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి ఆ వీధులు నేను చూడటం అదే మొదటిసారి. వందేళ్ళ నాటి ఎర్ర ఇటుక ఇళ్ళు. ఎంత అందమైన ఇళ్ళండీ, ముందు గోడలు ఊడిపోయి లోపల మంచాలు, అలమరాలు కనిపిస్తున్నాయి. ఒకింటి మెట్ల మీద ఎనభై ఏళ్ళ ఆవిడ కూర్చుని ఉంది. ఎక్కణ్ణించి వచ్చారని అడిగింది.

"సెయింట్ లూయిస్ నుంచేనండీ" అన్నాను.

వ్యాన్ వైపు చూసింది, మా బూట్ల వైపు చూసింది. "ఎటువైపు?"

"చెస్టర్‌ఫీల్డ్."

"ఓ. కౌంటీ" అంది. కోపమేం లేదు ఆ మాటలో. మా పిన్ని "అమ్మయ్య" అన్నంత మామూలుగా అంది. తర్వాత కర్రతో పైకప్పు చూపించి, ఆ పట్టా చివర గట్టిగా పట్టుకో, గాలికి లేస్తోంది అని పురమాయించింది. పట్టుకున్నాను.

విస్తళ్ళు వేశారట. ప్రశ్నలేమైనా ఉంటే తింటూ అడగండి.